చక్రం మీద ఇంటూ గుర్తు

(ఫిబ్రవరి 23న మా ఊరి రోటరీ క్లబ్బు సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రెసిడెంటు గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, ఈ రోజు రోటరీ పుట్టినరోజు కదా, చరిత్ర మీద ఏదైనా చెప్పండి మేడమ్ అన్నారు. ప్రతి ఏడాదీ ఈ రోజున రోటరీని మొదలుపెట్టిన పాల్ హారిస్ గురించి చెప్పుకోవడం మనకు అలవాటే. ఆయన గురించి నేనూ చెప్తాను, కానీ త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకో క్లబ్బు గురించి. అది షికాగో లాంటి మహానగరంలోది కాదు, మన ఊరిలాంటి చిన్న ఊరిది. ఒక దశలో ఆ క్లబ్బులో పదిమంది సభ్యులు కూడా లేరు. ఆ గుప్పెడుమంది చేసిన పని వల్లే నేను ఇవాళ ఈ మైకు ముందు సభ్యురాలిగా నిలబడ్డాను.

ముందు షికాగో. పాల్ హారిస్ లాయరు. వెర్మాంట్ రాష్ట్రంలో వాలింగ్‌ఫర్డ్ అనే పల్లెలో తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగాడు. నగరంలో ప్రాక్టీసు పెట్టాక ఆయనకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఆదివారం వస్తే కూర్చుని మాట్లాడుకునే మనిషి లేడు. పల్లె నుంచి పట్నం వెళ్ళినవాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 1905 ఫిబ్రవరి 23 రాత్రి డియర్‌బోర్న్ వీధిలోని యూనిటీ బిల్డింగులో 711వ నంబరు గదిలో నలుగురు కలిశారు. అది గస్టావస్ లోర్ అనే గనుల ఇంజనీరు ఆఫీసు గది. మిగతా ముగ్గురిలో ఒకరు హారిస్, ఒకరు బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్, ఇంకొకరు హైరమ్ షోరీ అనే దర్జీ. ఆ దర్జీని గుర్తుపెట్టుకోండి, చివర్లో ఆయనతో నాకు పని ఉంది. ఒక వారం ఒకరి ఆఫీసులో, ఇంకో వారం ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కాబట్టి రోటరీ, అంటే తిరిగేది, అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. మొదటి ఏడాది ఆ క్లబ్బులో సేవ లేదు. స్నేహం ఉంది, దానితోపాటు వ్యాపారం ఉంది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకునేవారు, నీ కొట్లో నేను కొంటాను, నా కొట్లో నువ్వు కొను, అంతే. ఎవరి వల్ల ఎవరికి ఎంత వ్యాపారం వచ్చిందో లెక్క రాయడానికి ప్రత్యేకంగా ఒక మనిషే ఉండేవాడు. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే లాయరును చేరమని అడిగితే ఆయన మీ నిబంధనలు చూపించండి అన్నాడు. చూసి, ఇందులో సభ్యులకు తప్ప బయటివాళ్ళకు పనికొచ్చేది ఏమీ లేదు, నేను చేరను అన్నాడు. ఆ మాటకు వాళ్ళు కోపం తెచ్చుకోలేదు. సరే, ఏం చేర్చాలో నువ్వే రాయి అన్నారు. నగరం మేలు కోసం పనిచేయాలన్న వాక్యం అలా నిబంధనల్లోకి వచ్చింది. నేను దీన్ని ఎన్నిసార్లు చదివానో, చదివిన ప్రతిసారీ నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. మనల్ని ఎవరైనా క్లబ్బులో చేరమంటే మనం అడిగేది చందా ఎంత, భోజనం ఉంటుందా, ఎవరెవరు ఉన్నారు. ఆయన అడిగింది వేరే.

ఆ తర్వాత వాళ్ళు ఎత్తుకున్న మొదటి ప్రజాపని ఏమిటో మనలో కొందరికి తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మరుగుదొడ్లు. 1907లో షికాగో నగరం నడిబొడ్డున ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించాలని కమిటీ వేశారు. దానికి అడ్డు తగిలింది ఎవరనుకున్నారు? బీరు తయారీ కంపెనీలవాళ్ళు, పెద్ద బట్టల షాపులవాళ్ళు. మగవాళ్ళకు మా బార్లలో ఉన్నాయి కదా అని వీళ్ళు, ఆడవాళ్ళకు మా షాపుల్లో ఉన్నాయి కదా అని వాళ్ళు. మనిషికి ఒంటికి వస్తే గ్లాసు బీరో గజం గుడ్డో కొంటేగానీ లోపలికి వెళ్ళకూడదా అన్నది క్లబ్బువాళ్ళ వాదన. రెండేళ్ళకు పైగా తిరిగారు, చివరికి సిటీ హాలు దగ్గర కట్టించారు.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. ఉదయం ఇంట్లో నుంచి బయల్దేరినప్పటి నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లలను వందలమందిని చూశాను. ఎందుకు తాగవమ్మా అంటే తల వంచుకునేవారు. మన వారపు సంతకు తెల్లవారుజామున కూరగాయల గంపలతో వచ్చే ఆడవాళ్ళు ఇప్పటికీ చీకటి పడేదాకా ఓర్చుకుంటున్నారు. అందుకే మన సేవాసంస్థకు మొదటి పని మరుగుదొడ్డి అని తెలిసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఆడవాళ్ళ కోసం మరుగుదొడ్డి కట్టించిన క్లబ్బులో ఆడవాళ్ళు ఎందరు?

ఒక్కరూ లేరు. తర్వాత ఎనభై ఏళ్ళపాటు లేరు. సభ్యుడు అంటే పురుషుడు అని నిబంధనల్లోనే ఉండేది.

మరి ఆడవాళ్ళు ఎక్కడ ఉన్నారు? సభ్యుల భార్యలను మనం 'ఆన్స్' అని పిలుస్తాం చూడండి, అక్కడ. ఆ మాట ఎలా వచ్చిందో నాకు చాలా ఏళ్ళు తెలియదు. 1914లో హ్యూస్టన్ నగరంలో మహాసభకు శాన్ ఫ్రాన్సిస్కో సభ్యులు ప్రత్యేక రైల్లో వెళ్తుంటే, బ్రన్నియర్ అనే సభ్యుడి భార్య ఆన్ వాళ్ళ వెంట ఉంది. రైల్లో అందరూ ఆమెను ముద్దుగా రోటరీ ఆన్ అని పిలిచారు. హ్యూస్టన్‌లో దిగితే ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన గండేకర్ గారి భార్య పేరు కూడా ఆన్! అంతే, ఆ పేరు అందరి భార్యలకూ అంటుకుంది. మన దేశంలో పిల్లలను ఆనెట్స్ అనడం దాకా వెళ్ళింది. పుట్టినప్పుడు అభిమానంతో పుట్టిన మాటే, కాదనను. కానీ నేను పదహారేళ్ళు ఆన్‌గా ఉన్నాను. నా పేరు ఒక్కసారి కూడా ఆహ్వానపత్రిక మీద పడలేదు. కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునే ఇన్‌స్టలేషన్ రోజున పట్టుచీర కట్టుకుని రమ్మనేవారు. జ్యోతి వెలిగించడానికి పళ్ళెం పట్టుకోవడం, వచ్చిన పెద్దలకు శాలువాలు, బొకేలు అందించడం మా పని. ఒకసారి కంటి శిబిరానికి రెండువందల ఎనభైమంది పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చాం, మేం ఏడుగురం. రిపోర్టులో మా గురించి రాసింది ఒక్కమాట, 'లేడీస్ సహకరించారు' అని. ఇది ఎవరినో తప్పుపట్టాలని చెప్పడం లేదు, రాసినాయన మంచివాడే, ఆయనకు అది తప్పుగా తోచలేదు, నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ తోచలేదు. ఇంటికొచ్చి వంట చేసుకుంటుంటే మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

ఇక ఆ చిన్న ఊరి సంగతి. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్‌కు తూర్పున, శాన్ గాబ్రియేల్ కొండల కింద డువార్టే అని ఒక ఊరు. సిటీ ఆఫ్ హోప్ అనే కేన్సర్ ఆసుపత్రి ఉన్న ఊరు అదే. 1952లో అక్కడ రోటరీ క్లబ్బు పెట్టారు. పాతికేళ్ళు గడిచేసరికి సభ్యులు తగ్గిపోయి, పదిలోపుకు వచ్చింది. చిన్న ఊళ్ళలో క్లబ్బులు ఎలా కరిగిపోతాయో మనకు తెలియనిది కాదు, ఒకరు బదిలీ అవుతారు, ఒకరు పిల్లల దగ్గరకు వెళ్ళిపోతారు, ఒకరు అలిగి మానేస్తారు. చేర్చుకుందామంటే కొత్తవాళ్ళు దొరకలేదు. అసలు దొరకకపోవడం ఏమిటి, ఊళ్ళో పిల్లల చదువులు చూసేవాళ్ళు, బాధ్యతగల ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కళ్ళముందే ఉన్నారు, కాకపోతే వాళ్ళు ఆడవాళ్ళు. 1977లో ఆ క్లబ్బు ధైర్యం చేసి ముగ్గురు మహిళలను చేర్చుకుంది. డోనా బోగార్ట్, మేరీ లూ ఎలియట్, రోజ్‌మేరీ ఫ్రైటాగ్. ఈ మూడు పేర్లూ మన క్లబ్బులో పైకి చదవడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

విషయం పైవాళ్ళకు, అంటే అన్ని క్లబ్బులకూ పైనున్న రోటరీ ఇంటర్నేషనల్‌కు, తెలిసింది. ఆ ముగ్గురినీ తీసేయండి అన్నారు. క్లబ్బు తీసేయలేదు. 1978 మార్చిలో ఆ క్లబ్బు చార్టర్, అంటే రోటరీ క్లబ్బుగా నడిచే గుర్తింపు, రద్దు చేశారు. డువార్టేవాళ్ళు ఆ ఏడాది టోక్యోలో జరిగిన అంతర్జాతీయ మహాసభకు అప్పీలు చేసుకున్నారు. ఓటింగు పెడితే వాళ్ళకు వ్యతిరేకంగా 1,060, అనుకూలంగా 34.

ముప్పై నాలుగు! ఆ చేతులు ఎత్తినవాళ్ళు ఏయే దేశాలవాళ్ళో నాకు తెలుసుకోవాలనుంది.

మన క్లబ్బుకే ఇలా జరిగితే ఏం చేస్తాం? మూసేస్తాం, లేదా మహిళలను బతిమాలి రాజీనామా రాయించి చార్టర్ తెచ్చుకుంటాం. వాళ్ళు రెండూ చేయలేదు. ఎప్పటిలాగే వారంవారం కలిశారు, ఊరి పనులు చేశారు. పేరు మాత్రం 'మాజీ రోటరీ క్లబ్ ఆఫ్ డువార్టే' అని మార్చుకున్నారు. చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి ఉంది కదా, రోటరీ గుర్తయిన పళ్ళచక్రం, ఆ చక్రం మీద అడ్డంగా ఇంటూ గుర్తు వేయించుకుని అదే పెట్టుకుని తిరిగారు. ఆ బ్యాడ్జిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఆ చక్రాన్ని వాళ్ళు పారేయలేదు, పూర్తిగా తమదని చెప్పుకునే వీలూ లేదు, అయినా గుండెకు దగ్గరగానే పెట్టుకున్నారు.

కోర్టుకు వెళ్ళారు. కాలిఫోర్నియాలో అన్‌రూ చట్టం అని ఒకటి ఉంది. వ్యాపార సంస్థ ఏదైనా సరే స్త్రీ, పురుషుడు, జాతి, మతం అని తేడా చూపకూడదని ఆ చట్టం. కింది కోర్టులో 1983లో ఓడిపోయారు. 1986లో రాష్ట్ర అప్పీళ్ళ కోర్టులో గెలిచారు. పైవాళ్ళు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1987 మే 4న తీర్పు వచ్చింది, ఇద్దరు న్యాయమూర్తులు విచారణలో పాల్గొనలేదు, మిగతా ఏడుగురూ డువార్టే వైపే. తీర్పు రాసింది జస్టిస్ పవెల్.

ఆ తీర్పులో ఉన్న రెండు సంగతులు చెప్పి తీరాలి. మొదటిది, మాది స్నేహితుల సంఘం, మాకు నచ్చినవాళ్ళతో కూర్చునే స్వేచ్ఛ మాకుంది అని రోటరీ తరఫున వాదించారు. దానికి కోర్టు ఏమందంటే, ఇరవైమంది కూడా లేని క్లబ్బు నుంచి తొమ్మిదివందలమంది దాటిన క్లబ్బు దాకా మీకు ఉన్నాయి, ఏటా కొత్తవాళ్ళను చేర్చుకుంటారు, అతిథులను పిలుస్తారు, పత్రికలవాళ్ళను పిలుస్తారు, ఇది నలుగురు గదిలో తలుపేసుకుని కూర్చునే స్నేహం కాదు అంది. మహిళలు వస్తే మీ సేవకు నష్టం లేదు, ఊరికి ఇంకా బాగా ప్రాతినిధ్యం వహించగలుగుతారు అని కూడా అంది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆడవాళ్ళను ఎందుకు చేర్చుకోరు అంటే పైవాళ్ళ తరఫున చెప్పిన కారణాల్లో ఒకటి, మేం చాలా దేశాల్లో పనిచేస్తాం, అక్కడి ఆచారాలు, సంప్రదాయాలు వేరు, మగవాళ్ళకే పరిమితమైతే అక్కడ పని సాఫీగా సాగుతుంది అని. అంటే ఎవరిని చూపించారు? మనలాంటివాళ్ళనే కదా. మన ఆచారాన్ని సాక్ష్యంగా కోర్టులో పెట్టారు, మనల్ని అడగకుండానే. నిజానికి అప్పటికి ముప్పై ఏళ్ళకు ముందే, 1950లో, నిబంధనల్లోంచి పురుషుడు అన్న మాట తీసేయండి అని ప్రతిపాదన పంపింది ఎవరో తెలుసా? మన దేశంలోని ఒక రోటరీ క్లబ్బు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి, ఈ దేశంలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా ఓటు రాసుకున్న ఏడాది అది. 1964లో సిలోన్ నుంచి, అంటే ఇప్పటి శ్రీలంక నుంచి, ఇంకో క్లబ్బు అడిగింది. రెండూ నెగ్గలేదు. కానీ అడిగారు. కాబట్టి మన సంప్రదాయం ఒప్పుకోదండీ అని ఇకమీదట ఎవరైనా అంటే, 1950 సంగతి వాళ్ళకు చెప్పండి, దయచేసి.

ఆ తీర్పులోనే ఇంకో చిన్న వివరం ఉంది. మహిళలు సమావేశాలకు రావచ్చు, ఉపన్యాసాలు ఇవ్వచ్చు, బహుమతులు అందుకోవచ్చు, సభ్యుల ఇంటి ఆడవాళ్ళు రోటరీ పిన్ను పెట్టుకోవచ్చు కూడా, సభ్యులు మాత్రం కాకూడదు అని అప్పటి పద్ధతిని కోర్టు వరుసగా రాసింది. అది చదువుతుంటే నా పదహారేళ్ళూ ఎవరో ఇంగ్లీషులో టైపు చేసి పెట్టినట్టు అనిపించింది.

తర్వాతది చకచకా జరిగింది. తీర్పు వచ్చిన ఏడాదే సిల్వియా విట్‌లాక్ డువార్టే క్లబ్బుకు ప్రెసిడెంటు అయ్యారు. రోటరీలో మొదటి మహిళా ప్రెసిడెంటు ఆమే. ఆమె ఒక ప్రాథమిక పాఠశాల ప్రిన్సిపాల్, నల్లజాతి మహిళ, పాత క్లబ్బు 'మాజీ' అన్న పేరుతో నడుస్తున్న రోజుల్లోనే చేరినావిడ. చార్టర్ ఉన్న క్లబ్బులో పదవి తీసుకోవడం వేరు, చార్టర్ పోయిన క్లబ్బులో చందా కట్టి కూర్చోవడం వేరు. 1989లో సింగపూర్‌లో జరిగిన, రోటరీ నిబంధనలు మార్చే శాసన సమావేశం ప్రపంచమంతటికీ ఆ నిబంధన తీసేసింది. 1990 నాటికే ఇరవైవేలమందికి పైగా మహిళలు చేరిపోయారు. 2022లో కెనడాకు చెందిన జెనిఫర్ జోన్స్ అంతర్జాతీయ అధ్యక్షురాలు అయ్యారు. మొదటి నలుగురు కూర్చున్న ఆ రాత్రి నుంచి లెక్కేస్తే 117 ఏళ్ళు.

పోలియో గురించి చెప్పకపోతే మన పెద్దలు ఊరుకోరు, నాకూ మనసొప్పదు. 1979లో ఫిలిప్పీన్స్‌లో అరవై లక్షలమంది పిల్లలకు చుక్కలు వేయడానికి పూనుకుని మొదలుపెట్టిన పని, 1985లో పోలియో ప్లస్ అనే ప్రపంచవ్యాప్త కార్యక్రమం అయింది. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో, ఆ పాప తర్వాత ఆ వైరస్ ఇంకెవరికీ రాలేదు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ రోజు నేను ఏడ్చాను, నా క్లాసులో పోలియో కాళ్ళకు ఊతంగా కేలిపర్లు వేసుకుని కూర్చున్న పిల్లలు నాకు గుర్తొచ్చారు. రోటరీ డబ్బు తెచ్చింది, ప్రభుత్వాల వెంటపడింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ పల్స్ పోలియో ఆదివారాల్లో ఐస్ బాక్సు భుజాన వేసుకుని గడపగడపకూ ఎక్కింది, వద్దన్న అత్తగారికి నచ్చజెప్పింది, బిడ్డ చిటికెన వేలికి ఇంకు గుర్తు పెట్టింది ఎవరు? అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎమ్‌లు, ఆశా వర్కర్లు. వాళ్ళల్లో ఒక్కరంటే ఒక్కరైనా ఇప్పటిదాకా మన క్లబ్బులో సభ్యులు అయ్యారా? మన చార్టర్ నాటి నుంచి రిజిస్టరు తిరగేసి వచ్చాను. లేరు.

మన రిజిస్టరు సంగతే చెప్తాను ఇక. ఇప్పుడు మనం ముప్పై ఎనిమిదిమందిమి. అందులో ఆడవాళ్ళం ఐదుగురం, ఆ ఐదుగురిలో నలుగురం సభ్యుల భార్యలం. నన్ను చేర్చుకున్న రోజున నాకు ఎంత సంతోషమైందో, మా వారు పిన్ను పెడుతుంటే ఆయన చెయ్యి ఎలా వణికిందో నాకు గుర్తుంది, ఆ మేలు మర్చిపోను. కానీ మనం తలుపు తీసింది మన ఇళ్ళలోవాళ్ళకే. మీటింగు రాత్రి ఎనిమిదిన్నరకు అని వేస్తాం, తొమ్మిదికి మొదలవుతుంది, భోజనాలయ్యేసరికి పదిన్నర. ఆ వేళకు మన ఊళ్ళో ఒంటరిగా స్కూటీ మీద ఇంటికి వెళ్ళగలిగే ఆడమనిషి ఎవరు? ఏడాది చందా ఒక్కసారే కట్టాలంటాం, నెల జీతం మీద బతికే మనిషి ఎక్కడ నుంచి తెస్తుంది? ఏ నిబంధనలోనూ ఆడవాళ్ళు వద్దని రాసి లేదు ఇప్పుడు, మన గడియారం, మన రసీదు పుస్తకం మాత్రం ఆ పని చేస్తున్నాయి.

నేను అడిగేవి మూడు. సమావేశం ఆదివారం సాయంత్రం ఐదుకు మారుద్దాం, కనీసం ఆరు నెలలు చేసి చూద్దాం. చందా మూడు నెలలకోసారి కట్టే వీలు ఇద్దాం. ఈ ఏడాది ప్రాజెక్టుగా వారపు సంత దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కట్టించే పని ఎత్తుకుందాం, పంచాయతీతో మాట్లాడి, నీళ్ళ కనెక్షను, రోజూ కడిగే మనిషి జీతం కూడా ముందే ఖాయం చేసుకుని. కట్టి వదిలేస్తే ఏడాదిలో తాళం పడుతుంది, చూస్తూనే ఉన్నాం కదా.

ఇందాక దర్జీని గుర్తుపెట్టుకోమన్నాను. మొదటి నలుగురిలో ఒక దర్జీ ఉన్నాడు. మన క్లబ్బులో డాక్టర్లు ఉన్నారు, రైసుమిల్లులవాళ్ళు ఉన్నారు, ఎరువుల షాపులవాళ్ళు ఉన్నారు, కుట్టుపనివాళ్ళు లేరు. బస్టాండు వెనక వీధిలో నలుగురు అమ్మాయిలను పెట్టుకుని కుట్టుషాపు నడిపే ఆవిడ మీ అందరికీ తెలుసు, కరోనా రోజుల్లో మన క్లబ్బు పంచిన మాస్కులు కుట్టింది ఆవిడే, కూలి కూడా సగమే తీసుకుంది. నిన్న వెళ్ళి అడిగాను. ముందు నమ్మలేదు, నేనా అంది, తర్వాత, మీటింగు ఎన్నింటికి ఉంటుందమ్మా అని అడిగింది. ఆవిడ ఫారమూ, ఇంకో ఇద్దరి ఫారాలూ నింపించి తెచ్చాను, ఒకరు ఏఎన్ఎమ్‌గా రిటైరైనావిడ, ఒకరు పాలకేంద్రం నడిపే అమ్మాయి. ఇవిగో, సెక్రటరీ గారి బల్ల మీద పెడుతున్నాను. ప్రతిపాదించేవారి చోట మూడింటి మీదా నేను సంతకం పెట్టేశాను. బలపరిచేవారి గడి ఖాళీగా ఉంది, పెన్ను పక్కనే పెట్టాను.